ఇది కువైట్ డబ్బు కాదు: కడపలో కూర్చుని బయటి దేశం కంపెనీకి పనిచేసేవాళ్లు ఐటీఆర్ (ఇన్‌కం టాక్స్ రిటర్న్) ఎలా వేయాలి

మా మామ పదిహేనేళ్లు కువైట్‌లో ఉన్నాడు. నెలనెలా ఇంటికి డబ్బు పంపించాడు, ఇల్లు కట్టాడు, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాడు, ఒక్క ఏడాది కూడా ఇక్కడ ఇన్‌కం టాక్స్ కట్టలేదు. కట్టాల్సిన అవసరమూ లేదు. నేను బెంగళూరు ఉద్యోగం వదిలేసి కడపకొచ్చి, ఎర్రముక్కపల్లిలో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని అమెరికా కంపెనీకి పని మొదలుపెట్టినప్పుడు, "బయటి దేశం నుంచి వచ్చే డబ్బుకి టాక్స్ ఉండదు పాపా, నేను ఎప్పుడైనా కట్టినానా" అని మామే చెప్పాడు. బ్యాంకులో కౌంటర్ దగ్గరుండే సార్ కూడా అదే అన్నాడు. రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఇన్ని వేల మంది గల్ఫ్‌కి పోయిన ప్రాంతం మనది, విదేశీ డబ్బు అంటే అందరికీ తెలిసిన లెక్క ఆ ఒక్కటే. నేనూ మొదటి ఏడాది దాన్నే నమ్మాను.

ఆ లెక్క మనకు వర్తించదు. మామ ఆ సంవత్సరాల్లో కువైట్‌లో ఉన్నాడు, అక్కడే పనిచేశాడు, మన చట్టం ప్రకారం ఆయన ఎన్ఆర్ఐ. అక్కడ సంపాదించిన జీతం ఇక్కడి టాక్స్ పరిధిలోకి రాదు, దగ్గరి బంధువులకు పంపిన డబ్బు వాళ్ల చేతిలో కూడా ఆదాయం కింద లెక్కకు రాదు. మనం ఒక ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు, అంతకంటే ఎక్కువ ఇండియాలో ఉంటే రెసిడెంట్ అయిపోతాం, రెసిడెంట్‌గా స్థిరపడి ఉన్నవాళ్లకి ప్రపంచంలో ఎక్కడి నుంచి వచ్చిన ఆదాయమైనా ఇక్కడ టాక్స్ పరిధిలోకి వస్తుంది. పైగా పని కూడా కడపలో కూర్చునే చేస్తున్నాం. డబ్బు పంపిన కంపెనీ టెక్సాస్‌లో ఉన్నా, బెర్లిన్‌లో ఉన్నా, సింగపూర్‌లో ఉన్నా, డాలర్లలో పంపినా యూరోల్లో పంపినా, ఆ సంపాదన పుట్టింది మన మేడ మీది గదిలోనే. ఈ ఒక్క మాట తలకెక్కితే మిగతా పనంతా కాగితాల పని, అది నేర్చుకోవచ్చు.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. కొత్త ఆదాయపు పన్ను చట్టం, అంటే 2025 చట్టం, 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, దాంట్లో సెక్షన్ల నంబర్లు మారాయి. 2025-26లో సంపాదించిన డబ్బుకి వేసే రిటర్న్‌కి మాత్రం పాత 1961 చట్టమే, అందుకే ఇక్కడ పాత నంబర్లే వాడుతున్నాను. మీ ఆడిటర్ నోట కూడా ఇంకా కొన్నాళ్లు ఈ నంబర్లే వినిపిస్తాయి.

ముందు కాంట్రాక్టు తీసి చదవండి

చాలామంది "నేను ఫలానా కంపెనీలో ఎంప్లాయీని" అంటారు, కాంట్రాక్టు తెరిచి చూస్తే మొదటి పేజీలోనే ఇండిపెండెంట్ కాంట్రాక్టర్ అని ఉంటుంది. ఐటీఆర్ మొత్తం ఆ పదం మీదే ఆధారపడుతుంది, కాబట్టి కంపెనీలో మీ హోదా పేరు ఏంటన్నది పక్కనపెట్టి సంతకం చేసిన కాగితం చూడండి.

మొదటి రకం, డీల్ (Deel), రిమోట్ (Remote) అనే పేర్లున్న మధ్యవర్తి కంపెనీల్లాంటివి తమ ఇండియా కంపెనీ ద్వారా మిమ్మల్ని ఉద్యోగిగా పెట్టుకుంటాయి. జీతం రూపాయల్లో వస్తుంది, టీడీఎస్, అంటే చేతికివ్వకముందే టాక్స్, కోస్తారు, పీఎఫ్ ఉంటుంది, ఏడాది చివర జీతం, కోసిన టాక్స్ వివరాలతో ఫారం 16 ఇస్తారు. మీది ఈ రకమైతే పక్కింట్లో ఉండే బ్యాంకు ఉద్యోగి రిటర్న్ ఎలా వేస్తాడో మీదీ అంతే, ఆదాయం 50 లక్షల లోపుంటే, వేరే క్లిష్టమైన ఆదాయాలేవీ లేకపోతే ఐటీఆర్-1 సరిపోతుంది. ఒక్క జాగ్రత్త, అదే డీల్ ద్వారా కాంట్రాక్టర్లకు కూడా డబ్బులు వస్తాయి, కాబట్టి డీల్ పేరు కనిపించగానే ఫారం 16 వస్తుందని అనుకోకండి.

రెండో రకం అరుదు. విదేశీ కంపెనీ నేరుగా మిమ్మల్ని ఉద్యోగిగానే పెట్టుకుంటుంది, ఇండియాలో దానికి ఆఫీసు ఉండదు, టీడీఎస్ ఎవరూ కోయరు. ఇది జీతమే, జీతం కిందే చూపించాలి, కొత్త విధానంలో (మినహాయింపులు తక్కువ, టాక్స్ రేట్లు తక్కువ ఉన్న లెక్కలో) 75,000 స్టాండర్డ్ డిడక్షన్, అంటే జీతంలోంచి నేరుగా తీసేసే మొత్తం, వస్తుంది. డాలర్లలో వచ్చే జీతాన్ని రూపాయల్లోకి మార్చడానికి, ఆ జీతం అందాల్సిన నెలకు ముందు నెల ఆఖరి రోజున ఎస్‌బీఐ ప్రకటించిన టీటీ బయింగ్ రేటు (బ్యాంకు మన దగ్గర డాలర్లు కొనే రేటు) వాడాలి, గూగుల్‌లో చూపించే రేటు కాదు. టీడీఎస్ లేదు కాబట్టి అడ్వాన్స్ టాక్స్, అంటే ఏడాది ముగియకముందే కట్టే టాక్స్, నాలుగు విడతల్లో మీరే కట్టుకోవాలి.

మూడో రకం కాంట్రాక్టర్లు. నాతో సహా ఇలా ఇంటి నుంచి పనిచేసేవాళ్లలో నాకు తెలిసిన ఎక్కువమంది వీళ్లే, అందుకే ఇక్కడి నుంచి ఎక్కువగా వీళ్ల గురించే రాస్తున్నాను. నెలనెలా ఒకే మొత్తం వచ్చినా, ఒకే కంపెనీకి పనిచేసినా, కాంట్రాక్టు నిజంగా కాంట్రాక్టర్‌దే అయితే ఇది జీతం కాదు, వృత్తి ఆదాయం. దీన్ని జీతం కాలమ్‌లో పెట్టి ఐటీఆర్-1 వేసేవాళ్లను చూశాను, అలా చేస్తే కట్టాల్సిన దానికంటే చాలా ఎక్కువ టాక్స్ కడతారు, పైగా రిటర్న్ కూడా తప్పే.

బ్యాంకులో మొదటి తప్పు జరిగేది ఇక్కడే

విదేశం నుంచి డబ్బు వచ్చినప్పుడు బ్యాంకు దానికి ఒక పర్పస్ కోడ్ వేస్తుంది. అది ఆర్‌బీఐకి చెప్పే కారణం. కుటుంబ పోషణకు ఎన్ఆర్ఐ పంపిన డబ్బుకి పీ1301 అనే కోడ్, సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802. మన దగ్గర బ్రాంచిల్లో రోజూ వచ్చేది గల్ఫ్ డబ్బే కాబట్టి, మీరేమీ చెప్పకపోతే చెయ్యి అలవాటుగా పీ1301 మీదికి పోతుంది. నాకు ఏడు నెలలు అలాగే పడింది. బ్యాంకు ఫోన్ చేసి "ఎవరు పంపించారమ్మా" అంటే "మా కంపెనీ" అని చెప్పానే గానీ, ఏ కోడ్ వేస్తున్నారని అడగాలని నాకు తెలియదు.

తర్వాత జీఎస్టీ కోసం కాగితాలు తీసేటప్పుడు బయటపడింది. నేను ఎగుమతి చేసిన సేవకి వచ్చిన డబ్బు అని ఒక పక్క చెబుతున్నాను, బ్యాంకు కాగితం మాత్రం ఇంటి ఖర్చులకు ఎవరో పంపారని చెబుతోంది. దాన్ని మార్పించడానికి కాంట్రాక్టు కాపీ, ఆ ఏడు నెలల ఇన్వాయిస్‌లు, ఒక లెటర్ పట్టుకుని బ్రాంచికి నాలుగు సార్లు తిరిగాను, ఎందుకంటే ఆ పని చేసేది బ్రాంచి కాదు, వేరే ఊళ్లో ఉన్న ఫారెక్స్ విభాగం, బ్రాంచి వాళ్లు మన కాగితాలు అక్కడికి పంపాలి. అంత టెన్షన్ మీకెందుకు, మొదటి డబ్బు రాకముందే ఈ పని చేసుకోండి: కాంట్రాక్టు కాపీతో బ్రాంచికి వెళ్లి, నాకు ప్రతి నెలా ఈ కంపెనీ నుంచి వృత్తి సేవలకు డబ్బు వస్తుంది, దీనికి ఫలానా కోడ్ వేయండి అని రాసిచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. మీ పని సాఫ్ట్‌వేర్ కాకపోతే, డిజైన్, రాత, అకౌంట్స్ లాంటిదైతే, ఏ కోడ్ సరిపోతుందో వాళ్ల పట్టిక చూపించమని అడగండి, ఇస్తారు. పేయోనీర్, వైజ్ లాంటి వాటి ద్వారా తెచ్చుకునేవాళ్లు యాప్‌లోనే కారణం ఎంచుకోవాలి, అక్కడ కూడా కుటుంబ ఖర్చులు అని కనబడితే నొక్కకండి.

ప్రతి డబ్బుకీ ఎఫ్ఐఆర్‌ఏ అడిగి తీసుకోండి. విదేశం నుంచి ఇంత డబ్బు, ఫలానా వాళ్ల నుంచి, ఫలానా రేటుకి మారి మీ ఖాతాలో పడింది అని బ్యాంకు ఇచ్చే చీటీ అది. కొన్ని బ్యాంకులు ఈమెయిల్‌లో పంపిస్తాయి, కొన్ని అడిగితేనే ఇస్తాయి, కొన్ని చార్జీ తీసుకుంటాయి. నేను నెలకో ఫోల్డర్ పెట్టుకున్నాను, అందులో మూడే కాగితాలు: ఇన్వాయిస్, ఎఫ్ఐఆర్‌ఏ, ఆ నెల స్టేట్‌మెంట్ పేజీ. జూలైలో ఆడిటర్ దగ్గరికి పోయినప్పుడు పని గంటలో అయిపోవడానికి కారణం ఈ ఫోల్డర్లే.

ఇన్వాయిస్ పెద్ద బ్రహ్మవిద్య కాదు. నంబర్, తేదీ, మీ పేరు, పాన్, అడ్రస్, కంపెనీ పేరు, అడ్రస్, ఏం పని చేశారు, ఎన్ని డాలర్లు. కంపెనీ అడగలేదు కదా అని మానేయకండి, అది మీ కోసం.

44ఏడీఏ అంటే ఏంటి, ఎంత మిగులుతుంది

వృత్తి ఆదాయం ఉన్నవాళ్లకి చట్టంలో ఒక సులువైన దారి ఉంది, సెక్షన్ 44ఏడీఏ. ఇంజనీరింగ్, సాంకేతిక సలహా, ఐటీ, అకౌంటెన్సీ, ఆర్కిటెక్చర్, ఇంటీరియర్ డెకరేషన్, లా, వైద్యం లాంటి నిర్దిష్టమైన వృత్తులకు ఇది వర్తిస్తుంది. ఏడాదిలో వచ్చిన మొత్తంలో సగం లాభం అనుకుంటారు, మిగతా సగం ఖర్చుల కింద పోయినట్టే లెక్క, లాప్‌టాప్ బిల్లు, ఇన్వర్టర్ బిల్లు, నెట్ బిల్లు ఏవీ చూపించనక్కర్లేదు, అకౌంట్ పుస్తకాలు రాయనక్కర్లేదు. పరిమితి 50 లక్షలు, నగదు రూపంలో వచ్చింది 5 శాతం దాటకపోతే 75 లక్షల దాకా. మనకు అంతా బ్యాంకు ద్వారానే వస్తుంది కాబట్టి 75 లక్షలే అనుకోండి. మీ పని ఆ జాబితాలోకి వస్తుందా అని అనుమానం ఉంటే, ఉదాహరణకి కంటెంట్ రాసేవాళ్లు, కస్టమర్ సపోర్ట్ చేసేవాళ్లు, అది మాత్రం ఆడిటర్‌ని అడిగే తేల్చుకోండి.

లెక్క వేసి చూపిస్తాను. 2025-26లో మీకు మొత్తం 30 లక్షలు వచ్చాయి. 44ఏడీఏ కింద లాభం 15 లక్షలు. కొత్త విధానంలో మొదటి 4 లక్షలకు ఏమీ లేదు, 4 నుంచి 8 దాకా 5 శాతం అంటే 20,000, 8 నుంచి 12 దాకా 10 శాతం అంటే 40,000, మిగిలిన 3 లక్షలకు 15 శాతం అంటే 45,000. మొత్తం 1,05,000, దాని మీద 4 శాతం సెస్ 4,200, కలిపి 1,09,200 రూపాయలు. అదే 30 లక్షలు జీతంగా వస్తే 75,000 తీసేశాక టాక్స్, సెస్ కలిపి 4,75,800 అవుతుంది. అంత తేడా ఉంది కాబట్టే కాంట్రాక్టు చదవమని అంతగా చెప్పాను. అలాగని నిజంగా ఉద్యోగి అయినవాళ్లు దీన్ని వాడుకోవడానికి వీల్లేదు, ఎంప్లాయ్‌మెంట్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టి వృత్తి ఆదాయం అని చూపిస్తే నోటీసు వచ్చినప్పుడు నిలబడదు.

ఇంకో లెక్క. మీకు వచ్చింది 24 లక్షలో అంతకంటే తక్కువో అయితే, వేరే ఆదాయం ఏమీ లేకపోతే, లాభం 12 లక్షలు దాటదు, కొత్త విధానంలో 87ఏ రిబేట్ (సెక్షన్ 87ఏ కింద ఇచ్చే టాక్స్ మాఫీ) వల్ల టాక్స్ సున్నా. 12 లక్షలు కాస్త దాటినా, దాటినదానికంటే ఎక్కువ టాక్స్ పడకుండా కొంత వెసులుబాటు ఉంది. సేవింగ్స్ వడ్డీ, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ ఆ 12 లక్షల్లోకే వస్తాయని మర్చిపోకండి. టాక్స్ సున్నా అయినా రిటర్న్ మాత్రం వేయాలి. ఇంటి లోన్‌కీ, పెళ్లి సంబంధం వాళ్లు అడిగే ఆదాయం రుజువుకీ, వీసాకీ చివరికి పనికొచ్చేది ఆ ఐటీఆర్ కాగితమే, విదేశీ కంపెనీ ఇచ్చిన లెటర్‌ని మన దగ్గర బ్యాంకుల్లో చాలాచోట్ల అంత పట్టించుకోరు.

ఒక విషయంలో చాలామంది తప్పు చేస్తారు. ఇన్వాయిస్ 2,000 డాలర్లది, మధ్యలో ప్లాట్‌ఫామ్ తన ఫీజు కోసుకుంది, బ్యాంకు మార్పిడిలో కొంత పోయింది, ఖాతాలో పడింది తక్కువ. రాబడి కింద చూపించాల్సింది ఫీజు కోయకముందు మొత్తం. ఆ ఫీజు మీ ఖర్చు, దానికోసమే చట్టం సగం వదిలేసింది.

పాత విధానం కావాలంటే, అంటే ఇంటి లోన్ వడ్డీ, 80సీ కింద వచ్చే పొదుపు మినహాయింపుల లాంటివి బాగా ఉంటే, వృత్తి ఆదాయం ఉన్నవాళ్లు గడువులోగా ఫారం 10-ఐఈఏ వేయాలి, తర్వాత కొత్త విధానానికి తిరిగి రావడం ఒక్కసారే. 44ఏడీఏ తీసుకునేవాళ్లలో ఎక్కువమందికి కొత్తదే లాభం, అయినా పోర్టల్‌లో రెండూ పోల్చి చూసుకోండి.

నిజంగానే ఖర్చులు సగం కంటే ఎక్కువ, లాభం సగం కూడా లేదు అనేవాళ్లు తక్కువ చూపించవచ్చు, కానీ పుస్తకాలు రాయాలి, ఆదాయం ప్రాథమిక పరిమితి (టాక్స్ పడని మొత్తం) దాటితే ఆడిట్ కూడా చేయించాలి. ఒంటరిగా లాప్‌టాప్ మీద పనిచేసేవాళ్లకి ఆ అవసరం రావడం కష్టం.

మార్చి 15

టీడీఎస్ ఎవరూ కోయడం లేదు కాబట్టి టాక్స్ 10,000 దాటేటట్టుంటే ముందే కట్టాలి. 44ఏడీఏ వాళ్లకి ఒకే విడత, మార్చి 15 లోపు మొత్తం. మిగతావాళ్లకి, అంటే పైన చెప్పిన రెండో రకం జీతగాళ్లకి, జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి 45, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి మొత్తం పూర్తవ్వాలి. తప్పితే నెలకు 1 శాతం చొప్పున వడ్డీ. మార్చి 15 జారిపోయినా 31 లోపు కట్టండి, అది కూడా అడ్వాన్స్ టాక్స్ కిందే వస్తుంది, ఏప్రిల్ నుంచి మొదలయ్యే రెండో వడ్డీ తప్పుతుంది.

కట్టడం ఇన్‌కం టాక్స్ పోర్టల్‌లో ఈ-పే టాక్స్ అన్న చోట, యూపీఐతో కూడా అవుతుంది. సంవత్సరం ఎంచుకునేటప్పుడు మాత్రం కళ్లు పెట్టి చూడండి: 2025-26లో సంపాదించినదానికి అసెస్‌మెంట్ సంవత్సరం 2026-27. ఒక్కటి అటూ ఇటూ అయితే డబ్బు వేరే సంవత్సరం ఖాతాలోకి పోతుంది, సరిచేయించుకోవడం కుదురుతుంది గానీ చికాకు. నేనైతే ప్రతి నెలా వచ్చిన దాంట్లోంచి కొంత వేరే ఖాతాలోకి తీసి పెడతాను, మార్చిలో ఒక్కసారి లక్ష బయటికి తీయాలంటే మన చేతికి రాదు.

జీఎస్టీ

ఈ పేరు వినగానే భయపడతారు, నిజానికి కట్టాల్సింది ఏమీ ఉండదు, చేయాల్సింది మాత్రం ఉంటుంది. విదేశంలో ఉన్న కంపెనీకి ఇక్కడి నుంచి సేవ చేసి, డబ్బు విదేశీ మారకంలో తెచ్చుకుంటే అది సేవల ఎగుమతి, దాని మీద పన్ను సున్నా. కానీ ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు, ఎగుమతి కూడా ఆ 20 లక్షల్లో లెక్కకు వస్తుంది. ఇక్కడ చూసేది మొత్తం రాబడి, 44ఏడీఏలో మిగిలిన సగం కాదు. నాకు తెలిసిన ఒకమ్మాయి "నా ఆదాయం 13 లక్షలే కదా" అని రెండేళ్లు ఊరుకుంది, వచ్చింది 26. ఉద్యోగులకి, అంటే మొదటి రెండు రకాల వాళ్లకి, జీఎస్టీ ఊసే లేదు.

రిజిస్ట్రేషన్ పోర్టల్‌లో ఉచితం. పాన్, ఆధార్, ఫోటో, బ్యాంకు వివరాలు, ఇంటి అడ్రస్ రుజువుగా కరెంటు బిల్లు. బిల్లు నాన్న పేరుమీద ఉంటే, మన దగ్గర ఎక్కువగా అంతే కదా, ఈ గది వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు అని ఆయన రాసిచ్చిన కాగితం కావాలి. కొన్నిసార్లు ఆఫీసు వాళ్లు ఇంటికొచ్చి చూస్తారు, ఇంట్లో వాళ్లకి ముందే చెప్పి ఉంచండి, మా అమ్మ నేనేదో తప్పు చేశాననుకుని ఆ రోజంతా అన్నం తినలేదు.

నంబర్ వచ్చాక వెంటనే ఎల్‌యూటీ వేయండి. పన్ను కట్టకుండా ఎగుమతి చేస్తాను, నియమాలు పాటిస్తాను అని మీరిచ్చే హామీ పత్రం, జీఎస్టీ పోర్టల్‌లో ఫారం ఆర్‌ఎఫ్‌డీ-11. ఇద్దరు సాక్షుల పేర్లు, అడ్రసులు, వృత్తి అడుగుతుంది, దగ్గర పెట్టుకోండి. ఇది ఆర్థిక సంవత్సరానికే, ప్రతి ఏప్రిల్‌లో మళ్లీ వేయాలి. ఇన్వాయిస్ మీద ఎల్‌యూటీ కింద ఐజీఎస్టీ కట్టకుండా చేసిన ఎగుమతి అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం, ఎల్‌యూటీ నంబర్ ఉండాలి.

రిటర్న్‌లు మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకుంటే పని తగ్గుతుంది. జీఎస్‌టీఆర్-1 ఆ మూడు నెలలు ముగిశాక 13వ తేదీకి, 3బీ మన రాష్ట్రంలో 22కి. వేయకపోతే ఏమీ కట్టాల్సింది లేకున్నా రోజుకు 20 రూపాయల చొప్పున ఫైన్ పేరుకుంటుంది.

అమెరికా వాళ్లడిగే ఫారం

అమెరికా కంపెనీ అయితే చేరేటప్పుడే డబ్ల్యూ-8బెన్ అనే ఫారం అడుగుతుంది. నేను అమెరికా మనిషిని కాను అని చెప్పే కాగితం అది. పాన్‌లో ఉన్నట్టే పేరు, కడప అడ్రస్, విదేశీ టాక్స్ నంబర్ అన్న చోట పాన్, సంతకం, తేదీ, మన పనికి అంతే. ఇది అక్కడి టాక్స్ ఆఫీసుకు పోదు, కంపెనీ దగ్గరే ఉంటుంది. సంతకం చేసిన ఏడాది కాక ఆపైన మూడో క్యాలెండర్ సంవత్సరం చివరిదాకా చెల్లుతుంది. పొరపాటున డబ్ల్యూ-9 పంపిస్తే దాన్ని నింపకండి, అది అక్కడి వాళ్లది. ఇండియాలో కూర్చుని చేసిన పనికి అమెరికాలో టాక్స్ ఉండదు, అయినా కంపెనీ 30 శాతం కోసేస్తే వాళ్ల అకౌంట్స్ వాళ్లకి ఈ ఫారం చూపించి, పని ఎక్కడ జరుగుతుందో చెప్పి అడగండి.

వేరే దేశంలో నిజంగానే టాక్స్ కోసి ఉంటే, ఆ దేశానికీ మనకీ ఉన్న టాక్స్ ఒప్పందం ప్రకారం కోయడం సరైనదే అయితే, ఇక్కడ కట్టేదాంట్లో దాన్ని తగ్గించుకోవచ్చు, దానికి ఫారం 67 వేయాలి, కోసినట్టు కాగితం ఉండాలి. కొన్ని కంపెనీలు టాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ (మనం టాక్స్ లెక్కలో ఇండియా రెసిడెంట్ అని చెప్పే కాగితం) అడుగుతాయి, ఫారం 10ఎఫ్‌ఏ పెట్టి మన ఇన్‌కం టాక్స్ శాఖ నుంచి తెచ్చుకోవాలి, నెల ముందే మొదలుపెట్టండి.

ఇక రిటర్న్

ముందు పోర్టల్‌లో ఏఐఎస్, 26ఏఎస్ (మన పాన్ మీద నమోదైన ఆదాయం, టాక్స్ చూపించే కాగితాలు) దించుకుని చూడండి, వడ్డీలు, టీడీఎస్ అన్నీ కనిపిస్తాయి. కంపెనీ పంపిన డబ్బు అక్కడ కనబడకపోవచ్చు, కనబడలేదని వదిలేయకూడదు.

44ఏడీఏ అయితే మామూలుగా ఐటీఆర్-4. కానీ మొత్తం ఆదాయం 50 లక్షలు దాటినా, మీరు ఏదైనా కంపెనీలో డైరెక్టర్ అయినా, షేర్లు అమ్మి స్వల్పకాల లాభం వచ్చినా, విదేశంలో ఏ ఆస్తి ఉన్నా ఐటీఆర్-3 వేయాలి. ఈ చివరిది మనలాంటి వాళ్లకి బాగా తగులుతుంది. కంపెనీ ఇచ్చిన స్టాక్ అక్కడి బ్రోకర్ ఖాతాలో పడి ఉంటుంది, లేదా ఎప్పుడో తెరిచిన విదేశీ బ్యాంకు ఖాతా ఉంటుంది. అమ్మకపోయినా, ఒక్క రూపాయి లాభం రాకపోయినా, రిటర్న్‌లో విదేశీ ఆస్తులు రాసే షెడ్యూల్ ఎఫ్‌ఏలో రాయాలి, అక్కడ లెక్క ఏప్రిల్ నుంచి మార్చి కాదు, జనవరి నుంచి డిసెంబర్. రాయకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల పెనాల్టీ ఉంది. 2024 అక్టోబర్ నుంచి 20 లక్షల లోపు చరాస్తులకు ఆ పెనాల్టీ తీసేశారు గానీ, రాయాల్సిన బాధ్యత పోలేదు. ఉద్యోగులకూ ఇదే వర్తిస్తుంది, విదేశీ స్టాక్ ఉంటే ఐటీఆర్-1 కాదు, ఐటీఆర్-2.

ఐటీఆర్-4లో వృత్తి కోడ్ ఎంచుకోవాలి, మొత్తం రాబడి బ్యాంకు ద్వారా వచ్చినదాని కింద రాయాలి, లాభం సగానికి తగ్గకుండా వేయాలి. తర్వాత మార్చి 31 నాటికి చేతిలో నగదు, బ్యాంకు నిల్వ, రావాల్సిన డబ్బు లాంటివి అడుగుతుంది. జీఎస్టీ ఉంటే ఆ నంబర్, అక్కడ చూపించిన రాబడి కూడా రాయాలి, ఇక్కడ కాసేపు ఆగండి. మార్చి ఇన్వాయిస్ డబ్బు ఏప్రిల్‌లో వస్తుంది కదా, జీఎస్టీలో మార్చిలోనే చూపించి ఉంటారు, ఐటీఆర్‌లో డబ్బు వచ్చినప్పుడు అని లెక్కేస్తే రెండు అంకెలు కలవవు. తేడా ఉండటం నేరం కాదు, ఎందుకు ఉందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ప్రతి ఏడాదీ ఒకే పద్ధతి పాటించండి.

గడువు ఐటీఆర్-1, ఐటీఆర్-2 వేసే జీతగాళ్లకి జూలై 31, ఆడిట్ అవసరం లేని వృత్తి ఆదాయం వాళ్లకి 2026 బడ్జెట్ మార్పు తర్వాత ఆగస్టు 31. 2025లో సెప్టెంబర్ 16 దాకా పెంచారు, అలా పెంచుతారని కూర్చుంటే ఆఖరి రోజుల్లో పోర్టల్ కదలదు. గడువు దాటితే డిసెంబర్ 31 దాకా వేయవచ్చు, 5,000 లేట్ ఫీజు, ఆదాయం 5 లక్షల లోపు అయితే 1,000. వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయాలి, చేయకపోతే గడువులో వేసిన ఫలితం పోతుంది.

కడపలో ఆడిటర్లకు ఈ లెక్కలు తెలియవని బెంగళూరు వాళ్లకి వేలకు వేలు ఇచ్చేవాళ్లున్నారు. నేను కోటిరెడ్డి సర్కిల్ దగ్గర ఒక ఆడిటర్ గారి దగ్గరికే వెళ్తాను. ఎంచుకునేటప్పుడు మూడే ప్రశ్నలు అడిగాను: 44ఏడీఏలో విదేశీ రాబడి ఎప్పుడైనా చేశారా, ఎల్‌యూటీ వేశారా, షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపారా. మూడింటికీ అవునన్నవాళ్లు మన ఊళ్లోనే దొరుకుతారు.

పాత సంవత్సరాలు వదిలేసినవాళ్లు

నాలాగా మామ మాటో బ్యాంకు సార్ మాటో నమ్మి ఒకటి రెండేళ్లు వేయనివాళ్లు చాలామంది ఉన్నారని తెలుసు, రాత్రిపూట ఆ ఆలోచనతో నిద్రపట్టక నన్ను అడిగినవాళ్లున్నారు. దారి ఉంది. దాని పేరు ఐటీఆర్-యూ, అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల దాకా వేయవచ్చు. కట్టాల్సిన టాక్స్, వడ్డీ కలిపి దాని మీద అదనంగా మొదటి ఏడాదిలో అయితే 25 శాతం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 60, నాలుగో ఏడాది 70. ఆలస్యం చేసేకొద్దీ పెరుగుతుంది కాబట్టి, ఏ సంవత్సరంది ఎంత అవుతుందో రాసుకుని, త్వరలో తర్వాతి మెట్టు ఎక్కబోయే సంవత్సరంతో మొదలుపెట్టండి. నా మొదటి ఏడాదిది అలాగే కట్టాను. ఆ కాలం ఎఫ్ఐఆర్‌ఏలు లేకపోతే బ్యాంకుకి తేదీలు, మొత్తాలు రాసిచ్చి అడగండి, ఆ లెటర్‌లోనే పీ1301 పడినవాటిని సరైన కోడ్‌కి మార్చమని కూడా రాయండి, కాంట్రాక్టు, ఇన్వాయిస్ కాపీలు జతచేసి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకుని బయటికి రండి.